చవక రెక్కలు

తిరుమలాయపాలెం నుంచి డాలస్‌లో కొడుకు దగ్గరికి బయల్దేరిన మా బాబాయి, పది రోజులు ఫోను నొక్కీ నొక్కీ టికెట్టు మీద 12 వేలు మిగిల్చాడు. దారిలో రెండు చోట్ల దిగాలి. ఒక్క దోహాలోనే 14 గంటల జాగారం. శివరాత్రి ముందే వచ్చిందనుకుంటే సరి! మిగిలినదాంట్లో సగం శంషాబాద్ దాకా కారు మింగింది. మిగతా సగం, 23 కిలోల తూకం దాటిన ఆవకాయ తినేసింది. (ఆవకాయను మనం తినాలి గానీ!) ఇక చూడాల్సినవి: న్యూయార్క్ రెండు రోజులు, నయాగరా ఒక పూట, వాషింగ్టన్ కారు అద్దంలోంచి.

"నేలకొండపల్లి బౌద్ధస్తూపం చూశావా బాబాయ్?"

"పక్కనే కదరా, ఎక్కడికి పోతుంది!"

పాపం, అక్కడికి పోవాలంటే దోహాలో దిగే యోగం లేదు మరి.