ఆట లేనప్పటి ఆట

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌కు ఏటా రెండు సీజన్లు. మొదటిది మార్చిలో మొదలై, మామూలుగా సెప్టెంబరు ఆఖరి శనివారం మెల్‌బోర్న్‌లో ముగుస్తుంది. కోలగా ఉండే మైదానంలో, కోలగానే ఉండే బంతితో, పక్షానికి పద్దెనిమిది మంది ఆడతారు. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, ఎదుటివాడి భుజాల మీదికి ఎగిరి మరీ అందుకోవచ్చు. రెండో సీజన్ అక్టోబరు, నవంబరు నెలల్లో ఫోన్ల మీద నడుస్తుంది. ఇందులో బంతి ఉండదు. అక్టోబరులో క్లబ్బులు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకుంటాయి. నవంబరులో ‘డ్రాఫ్ట్’ పేరుతో కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. మొదటి సీజన్‌లో చిత్తుగా ఓడిన క్లబ్బు అభిమానులు రెండో సీజన్‌లో హుషారుగా కనిపిస్తారు. అందులో వాళ్లు ఇంకా ఓడిపోలేదు.

డ్రాఫ్ట్ 1986లో మొదలైంది. దాని మూలసూత్రం ఒక్కటే: అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు, కప్పు గెలిచిన జట్టుకు చివరి వంతు. డబ్బున్న నాలుగు క్లబ్బులే మంచి ఆటగాళ్లందరినీ ఎగరేసుకుపోకుండా ఈ ఏర్పాటు. దీనికి తోడు జీతాలకూ పరిమితి పెట్టారు. వంతు కూడా సరుకే. ఫలానా ఆటగాణ్ణి ఇస్తే మా ఏడో వంతు తీసుకోమని బేరం పెట్టవచ్చు. 2015 నుంచి వచ్చే ఏడాది వంతును కూడా ముందే అమ్ముకోవచ్చు. అంటే ఏ స్థానంలో ముగుస్తారో తెలియని సీజన్‌లో, ఎవరో తెలియని కుర్రాడి మీద హక్కును ఈనాడే మార్చుకోవడం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు చట్టబద్ధత కల్పించిన క్రీడ ప్రపంచంలో ఇదొక్కటే కాకపోవచ్చు, కానీ దానికి ఇంత పకడ్బందీగా పట్టిక రాసుకున్నవారు తక్కువ.

వారసత్వానికీ నిబంధన ఉంది. తండ్రి ఆ క్లబ్బుకు కనీసం వంద మ్యాచ్‌లు ఆడి ఉంటే కొడుకును అదే క్లబ్బు ముందుగా కోరవచ్చు, తగిన మూల్యం చెల్లించి. 2021లో నిక్ డైకోస్ కాలింగ్‌వుడ్‌కు చేరింది ఈ దారిలోనే. తండ్రి పీటర్ డైకోస్ ఆ క్లబ్బు దిగ్గజం. అదే ఏడాది నార్త్ మెల్‌బోర్న్ మొదటి వంతులో జేసన్ హార్న్‌ఫ్రాన్సిస్‌ను ఎంచుకుంది. అట్టడుగున పడి సంపాదించిన ఆ వరం ఒక్క సీజన్ ఆడి, సొంత ప్రాంతానికి పోతానని పోర్ట్ అడిలైడ్‌కు వెళ్లిపోయింది.

చివరివాడికి మొదటి వంతు ఇస్తామంటే చివరివాడు కావడానికి పోటీ పుడుతుంది. 2009 సీజన్‌లో మెల్‌బోర్న్ క్లబ్బు కావాలనే ఓడిందన్న ఆరోపణ మీద సుదీర్ఘ విచారణ సాగింది. 2013లో తీర్పు వచ్చింది: కావాలని ఓడినట్టు తేలలేదు, క్లబ్బుకు 5 లక్షల డాలర్ల జరిమానా, అప్పటి కోచ్‌కూ మరో అధికారికీ నిషేధం. తప్పు లేదని తేల్చి శిక్ష వేయడం తెలుగు పాఠకుడికి కొత్తగా తోచదు.

తెలుగు నేల మీద డ్రాఫ్ట్ లేదు, వేలం ఉంది. వేలంలో చివరివాడికి మొదటి వంతు అన్న జాలి పనిచేయదు. పలక ఎత్తినవాడిదే ఆటగాడు. 2008 ఐపీఎల్ క్రికెట్ వేలంలో హైదరాబాద్‌కు చెందిన డెక్కన్ ఛార్జర్స్ ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు కొన్నది; ఆ వేలంలో విదేశీయులలో అదే పై ధర. జట్టు చేతిలో డబ్బు మిగలాలని వి.వి.ఎస్. లక్ష్మణ్ తన ‘ఐకాన్’ హోదానే వదులుకున్నాడు. ఫలితం: 14 మ్యాచుల్లో రెండు విజయాలు, అట్టడుగు స్థానం. మరుసటి ఏడాది ఇంచుమించు అదే జట్టు, సైమండ్స్ ధరలో దాదాపు సగం పలికిన గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో కప్పు గెలిచింది. దాని వారసురాలు సన్‌రైజర్స్ 2022 డిసెంబరులో హ్యారీ బ్రూక్‌కు 13.25 కోట్లు పెట్టి 2023లో అట్టడుగున నిలిచింది. 2023 డిసెంబరులో పాట్ కమిన్స్‌కు 20.50 కోట్లు పెట్టి 2024లో ఫైనల్ ఆడింది. ఖరీదుకూ ఫలితానికీ సంబంధం లేదని ఒక ఏడాది, ఉందని మరో ఏడాది నిరూపించడం ఈ నగరపు క్రికెట్ ప్రత్యేకత. గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ ఐపీఎల్‌లో కాలు పెట్టింది చెన్నై పసుపు చొక్కాలో.

కబడ్డీకి వస్తే విషయం మరింత చిక్కనవుతుంది. తెలుగు టైటన్స్ 2014లో ప్రో కబడ్డీతోపాటే పుట్టింది. రాహుల్ చౌదరి ఆడిన తొలి ఏళ్లలో సెమీఫైనళ్లు చూసింది. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ను 1.45 కోట్లకు కొన్నది. అక్కడి నుంచి జట్టు చరిత్రలో ఒక క్రమశిక్షణ కనిపిస్తుంది: ఎనిమిదో సీజన్‌లో 22 మ్యాచులకు ఒక గెలుపు, ఆఖరి స్థానం, తొమ్మిదో సీజన్‌లో రెండు గెలుపులు, ఆఖరి స్థానం, పదో సీజన్‌లో రెండు గెలుపులు, ఆఖరి స్థానం. ఆస్ట్రేలియా నిబంధన ప్రకారం వరసగా మూడేళ్లు దేశంలోని మేటి కుర్రాడు టైటన్స్ గుమ్మం తొక్కవలసింది. మెల్‌బోర్న్‌లో ఇన్ని ఓటములు వస్తే విచారణ సంఘం వేసేవారు. టైటన్స్‌ను ఎవరూ అనుమానించలేదు. ప్రతిఫలం లేకుండా ఇంత నిజాయితీగా ఓడినవారిని అనుమానించడం కష్టం.

ఆ మూడిటిలో పదో సీజన్‌ను విడిగా చెప్పుకోవాలి. 2023 అక్టోబరు వేలంలో టైటన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. అప్పటిదాకా ఆ లీగ్‌లో ఏ ఆటగాడూ అంత పలకలేదు. జట్టు మొత్తానికి ఖర్చు పరిమితి 5 కోట్లు. సగానికి పైగా ఒక్కడికి పోయింది, మిగిలిన సగంలోపు డబ్బుతో మిగతా జట్టంతా వచ్చింది. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు పట్టుబడితే బయట కూర్చోవాలి. తనవాళ్లు ఎదుటివాడిని ఔట్ చేసినప్పుడు లోపలికి వస్తాడు. కాబట్టి అతను గీత బయట కూర్చున్నప్పుడల్లా రెండున్నర కోట్లు గీత బయట కూర్చున్నట్టే. అతన్ని లోపలికి రప్పించే బాధ్యత తక్కువ జీతగాళ్లది. తప్పు అతనిది కాదు. అతను సీజన్ పొడుగునా పాయింట్లు తెస్తూనే ఉన్నాడు; జట్టు వాటిని పట్టుదలగా వదులుకుంటూనే ఉంది.

పదకొండో సీజన్‌లో టైటన్స్ పాత ఆటగాణ్ణి నిలుపుకునే హక్కు కార్డు వాడి అతన్నే 1.725 కోట్లకు తిరిగి తెచ్చుకుంది. 12 మ్యాచులు గెలిచి ఏడో స్థానంలో ఆగింది. ఆ సీజన్‌లో తర్వాతి దశకు వెళ్లింది ఆరు జట్లే. 2025 వేలంలో పవన్ 59.5 లక్షలకు తమిళ్ తలైవాస్‌కు పోయాడు. టైటన్స్ 81 లక్షలకు భరత్ హుడాను తెచ్చుకుని, విజయ్ మాలిక్‌ను కెప్టెన్ చేసుకుని, ఫైనల్‌కు ఒక్క మ్యాచ్ దూరం దాకా వెళ్లి పుణేరి పల్టన్ చేతిలో ఓడింది. డబ్బు తక్కువైనప్పుడు జట్టు కుదిరింది. దీన్నుంచి యాజమాన్యం ఏ పాఠం నేర్చుకుంటుందో వచ్చే వేలంలో తెలుస్తుంది. పలక చేతిలో ఉన్నప్పుడు పాఠాలు గుర్తుండడం అరుదు.

పల్నాటి ఊళ్లలో కబడ్డీకి లోటు లేదు. సంక్రాంతికి ఒకవైపు ఎడ్ల బండలాగుడు, మరోవైపు కబడ్డీ. అయితే వేలం నిర్వాహకుల చూపు ఇంత దూరం ఆనదు. మొదటి బహుమతి ఇచ్చేవాడు చాలాచోట్ల ఏదో ఒక పార్టీలో ఏదో ఒక టికెట్ మీద ఆశ ఉన్నవాడు. ఫ్లెక్సీలో కప్పు కంటే ఆయన బొమ్మ పెద్దది. ఇక్కడి నుంచి చర్చ సహజంగా మూడో పద్ధతి మీదికి, అంటే రాజకీయ పార్టీల మార్పిడి మీదికి, మళ్లుతుంది. డ్రాఫ్టూ వేలమూ కాని ఈ పద్ధతిలో పల్నాడు ఏ దేశానికీ తీసిపోదు.

ఉదాహరణకు పల్నాడు జిల్లాలోని నాదెండ్ల మండలం. ఇది చిలకలూరిపేట అసెంబ్లీ నియోజకవర్గంలోది, నరసరావుపేట లోక్‌సభ స్థానంలోది. మిర్చి, పత్తి, గణపవరం నూలు మిల్లులు ఇక్కడి బతుకుతెరువు. ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్న నాదెండ్ల భాస్కరరావు 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్ స్థానంలో ముఖ్యమంత్రి అయి 31 రోజులు పాలించారు. ఊరికీ ఆ ఉదంతానికీ సంబంధం ఇంటిపేరు వరకే. ఆటగాళ్లను, అంటే ఎమ్మెల్యేలను, బేరగాళ్ల కంట పడకుండా పొరుగు రాష్ట్రంలో దాచే ‘క్యాంపు’ పద్ధతికి అప్పుడే పేరు వచ్చింది. మరుసటి ఏడాది పార్లమెంటు ఫిరాయింపుల నిరోధక చట్టం చేసింది. ఆ తర్వాతి ఏడాది ఆస్ట్రేలియాలో డ్రాఫ్ట్ మొదలైంది. రెండు నిబంధనలూ దాదాపు ఒకే ఈడువి. ఒకటి అమలవుతోంది.

ఈ ఆటలో సీజన్ ఐదేళ్లకు ఒకసారి, కొద్ది వారాలు. మిగతా కాలమంతా మార్పిడి కాలమే. చొక్కా మార్చడం ఉండదు, కండువా కప్పుతారు. అందువల్ల పాతది విప్పవలసిన పని కూడా ఉండదు. 2024 ఎన్నికల ముందు జరిగిన లావాదేవీలు ఏ క్రీడా పాఠ్యపుస్తకంలోనైనా చేర్చదగినవి. నరసరావుపేట ఎంపీ లావు శ్రీకృష్ణదేవరాయలును గుంటూరుకు మారమని వైఎస్సార్‌సీపీ కోరింది. ఆయన 2024 జనవరిలో పార్టీకి రాజీనామా చేసి, తెలుగుదేశంలో చేరి, అదే నరసరావుపేటలో నిలబడ్డారు. ఆ ఖాళీలోకి నెల్లూరు నుంచి అనిల్‌కుమార్ యాదవ్‌ను తెచ్చారు. చిలకలూరిపేట ఎమ్మెల్యే, మంత్రి విడదల రజినిని గుంటూరు పశ్చిమకు పంపారు. చిలకలూరిపేటకు మొదట ఒక స్థానిక నేతను అనుకుని, చివరికి గుంటూరు మేయర్ కావటి మనోహర్ నాయుడును దింపారు. పేట మనిషి గుంటూరుకు, గుంటూరు మనిషి పేటకు: డబ్బు ప్రసక్తి లేని స్వచ్ఛమైన వస్తుమార్పిడి. ముగ్గురూ ఓడారు. లావు లక్షన్నరకు పైగా మెజారిటీతో గెలిచారు. ఆటగాడు కదలకుండా క్లబ్బే మారిన అరుదైన సందర్భమిది.

పుట్టని వంతుకు ఉదాహరణ చిలకలూరిపేటలోనే ఉంది. 2019లో మర్రి రాజశేఖర్ తన స్థానాన్ని రజినికి వదిలి, ఎమ్మెల్సీ హామీ పుచ్చుకున్నారు. హామీ 2023లో చేతికందింది. ఆస్ట్రేలియాలో వచ్చే ఏటి వంతు వచ్చే ఏడే వస్తుంది. వారసత్వం విషయంలో పల్నాడు ఉదారం: వంద మ్యాచుల లెక్క లేదు, తండ్రి ఆడిన క్లబ్బులోనే ఆడాలన్న షరతూ లేదు. కాసు కృష్ణారెడ్డి కాంగ్రెస్‌లో మంత్రి. కుమారుడు మహేష్‌రెడ్డి 2019లో గురజాల నుంచి వైఎస్సార్‌సీపీ ఎమ్మెల్యే.

రెండు ఆటలనూ ఒకేసారి ప్రయత్నించినవాడు గుంటూరు క్రికెటర్ అంబటి రాయుడు. ఐపీఎల్‌లో ముంబయికి, చెన్నైకి ఆడాడు. అందులో హైదరాబాద్ జట్టుకు ఎన్నడూ ఆడలేదు. 2023 డిసెంబరు 28న వైఎస్సార్‌సీపీలో చేరాడు, 2024 జనవరి 6న బయటికొచ్చాడు. దుబాయ్ లీగ్‌లో ఆడవలసి ఉందని, ఆటగాడికి రాజకీయ అనుబంధం ఉండకూడదని వివరణ ఇచ్చాడు. హార్న్‌ఫ్రాన్సిస్ కనీసం ఒక సీజన్ ఉన్నాడు.

అసలు తేడా వంతుల వరసలో ఉంది. ఆస్ట్రేలియాలో ఓడిన జట్టుకు కొత్తవాళ్లు వస్తారు; ఇక్కడ ఓడిన జట్టులో ఉన్నవాళ్లు పోతారు. 2014, 2019 మధ్య వైఎస్సార్‌సీపీ ఎమ్మెల్యేలు 23 మంది తెలుగుదేశానికి మారారు. 2019లో తెలుగుదేశానికి వచ్చిన స్థానాలు సరిగ్గా 23. 2024లో కూటమికి 164, వైఎస్సార్‌సీపీకి 11. డ్రాఫ్ట్ నిబంధన అమల్లో ఉంటే ఆ జూన్‌లోనే పదకొండు స్థానాల పార్టీ అవతలి 164 మందిలోంచి మొదటి మనిషిని ఏరుకోవలసింది. జరిగింది వేరు. ఆగస్టులో ఆ పార్టీ సభ్యులు మోపిదేవి వెంకటరమణ, బీద మస్తాన్‌రావు, ఆపై నెలలో ఆర్. కృష్ణయ్య రాజ్యసభకు రాజీనామా చేశారు. డిసెంబరు ఉప ఎన్నికల్లో మస్తాన్‌రావు తెలుగుదేశం తరఫున, కృష్ణయ్య బీజేపీ తరఫున, పోటీ లేకుండా మళ్లీ అదే సభకు వెళ్లారు. ఫిరాయింపు చట్టానికి ఎక్కడా దెబ్బ తగలలేదు. రాజీనామా చేసినవాడు ఫిరాయించినట్టు కాదు.

మార్పిడికి గడువు కూడా ఉంది. దాని పేరు బి-ఫారం. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటలలోపు అది ఎవరి పేరుతో దాఖలైతే వారే పార్టీ ఆటగాడు. అప్పటిదాకా పేరు ప్రకటించినా, ప్రచార రథం సిద్ధం చేసుకున్నా, పూలదండలు వేయించుకున్నా చెల్లదు. 2024లో నామినేషన్ల గడువు ఏప్రిల్ 25. ఉండిలో సిట్టింగ్ ఎమ్మెల్యే పేరు ముందే ప్రకటించిన తెలుగుదేశం, గడువుకు కొద్ది రోజుల ముందు బి-ఫారాన్ని రఘురామకృష్ణరాజుకు ఇచ్చింది. ఆయన అంతకు ఐదేళ్ల ముందు వైఎస్సార్‌సీపీ గుర్తు మీద గెలిచిన ఎంపీ, ఆ నెలలోనే కండువా మార్చుకున్నారు.

చిలకలూరిపేట ప్రస్తుత జాబితా: 2024లో గెలిచిన ప్రత్తిపాటి పుల్లారావు తెలుగుదేశం ఎమ్మెల్యే. గుంటూరులో ఓడిన రజిని తిరిగి వచ్చి పేట ఇన్‌ఛార్జి అయ్యారు. మర్రి రాజశేఖర్ 2025 మార్చిలో ఎమ్మెల్సీ పదవికీ పార్టీకీ రాజీనామా చేసి, అదే ఏడాది సెప్టెంబరులో తెలుగుదేశంలో చేరారు. తర్వాతి సీజన్ 2029లో.