రద్దుదీపిక

అవతారిక

ఈ ఆటవెలది కర్త ఎవరో తెలియదు. ఆర్టీఏ ఆఫీసు ఎదుటి జిరాక్సు కొట్టు దగ్గర వరసలో నిలబడి విసిగినవాడెవడో ఆశువుగా చెప్పి ఉంటాడని మా ఊహ. ఏజెంటే రాశాడని కొందరంటారు గానీ ఆ వాదం నిలవదు. ఏ ఏజెంటూ ఇంత విడమరిచి చెప్పడు.

వ్యాఖ్యాతల్లో మేటి కోలాచల మల్లినాథ సూరి మన మెదక్ వైపువాడే. మూలంలో లేనిది ఒక్క ముక్క రాయనని ఒట్టు పెట్టుకున్న మనిషి. కాళిదాసు కావ్యాలకు తాను రాసిన టీకకు సంజీవని అని పేరు పెట్టాడు. ఇక్కడ విషయం పాత కారును తుక్కు చేయించడం కనక బతికించే పేరు అపశకునం. అందుకే ఈ టీక రద్దుదీపిక. ఒట్టు మాత్రం మేం పెట్టుకోవడం లేదు. ఈ వ్యవహారంలో మూలంలో లేని కాగితాలే ఎక్కువ అడుగుతారు.

మూలం

కాగితములు లేక కారుకు చావేది?
అప్పు తీరెననెడి యాకు లేక
పాత చలనులెల్ల బాపక ముక్తేది?
తునిగినట్టి సంఖ్య తుదకు మిగులు.

ప్రతిపదార్థం

కాగితములు లేక = సీ-బుక్కు, పాన్, ఆధార్, అడ్డంగా గీత కొట్టిన చెక్కు లేకుండా; కారుకు = నాలుగు చక్రాలున్నా రెండింటిలోనే గాలి ఉన్న దానికి; చావు + ఏది = రిజిస్ట్రేషన్ రద్దు ఎక్కడిది; అప్పు తీరెన్ + అనెడి + ఆకు లేక = ఫారం 35, దానితోపాటు బ్యాంకు ఇచ్చే నిరభ్యంతర పత్రం లేకుండా; పాత చలనులు + ఎల్ల = మనకు గుర్తున్నవీ, కెమెరాకు మాత్రమే గుర్తున్నవీ అయిన జరిమానాలన్నీ; బాపక = కట్టి వదిలించుకోకుండా; ముక్తి + ఏది = యజమానికి విడుదల ఎక్కడిది; తునిగినట్టి సంఖ్య = కోసి తీసిన ఛాసిస్ నంబరు ముక్క; తుదకు = ఇనుమంతా కరిగిపోయాక; మిగులు = భద్రంగా ఉండును.

తాత్పర్యం

కారును చంపడం సులువు, దాని నంబరును చంపడం కష్టం.

విశేషాలు

‘చావేది’ అన్నచోట పూర్వపక్షులు రెండు ఆక్షేపాలు తెస్తారు. మొదటిది: పదిహేనేళ్ళు నిండగానే కారు తనంతట తానే చచ్చినట్టు కదా, మళ్ళీ చావు వెతుక్కోవడమెందుకు? సమాధానం: కాదు. మోటారు వాహనాల చట్టం సొంత కారు రిజిస్ట్రేషన్‌కు పదిహేనేళ్ళ ఆయుర్దాయం రాసినా, పరీక్షలో నెగ్గితే ఫారం 25 మీద ఐదేళ్ళు పొడిగించుకోవచ్చు. అందుకు 2022 ఏప్రిల్ నుంచి రుసుం రూ.5,000; ఇరవై ఏళ్ళు దాటిన కారుకు 2025లో దాన్ని రూ.10,000 చేశారు. పదిహేనేళ్ళకు పొడిగింపు ఇక లేదన్నది 2023 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ వాహనాలకు వచ్చిన నియమం. ఢిల్లీ పరిసరాల కథ వేరు, దాన్ని హైదరాబాదుకూ విజయవాడకూ అంటగట్టి భయపెట్టేవాడు సాధారణంగా మీ కారును చవగ్గా కొనాలని చూస్తున్నవాడే అయి ఉంటాడు.

రెండో ఆక్షేపం భక్తులది. మారుతి చిరంజీవి కదా, ఆయనకు చావేమిటి అని. నిజమే. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయినా, ఒక్కొక్క బండీ రికార్డులో చిరంజీవే. సొంతదారు వెళ్ళి రద్దు చేయించేదాకా చావదు. కవి ‘ఏది’ అని ప్రశ్నించడంలోని స్వారస్యం ఇదే.

‘కారుకు’ అన్న మాటను లోకం ఒకలాగా, చట్టం ఒకలాగా అర్థం చేసుకుంటాయి. లోకానికి కారంటే ఇనుము. అందుకే పెరట్లో తుప్పు పడుతున్నదాన్ని పాత సామాన్ల షాపువాడు తూకానికి అడిగితే సంతోషంగా ఇచ్చేస్తారు. వాడు డబ్బు లెక్కపెట్టి చేతిలో పెడతాడు, బండిని లాక్కుపోతాడు, కథ ముగిసిందనుకుంటాం. చట్టానికి మాత్రం కారంటే నంబరు, సొంతదారంటే ఆ నంబరు ఎవరి పేర రిజిస్టరై ఉందో అతను. కారు చేతులు మారి మారి చివరికి ప్రమాదం చేస్తే పరిహారం ఎవరివ్వాలన్న తగువులో, రికార్డులో పేరున్నవాడే ఇవ్వాలని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. తూకానికి పోయిన కారు ప్లేటు ఇంకో బండికి తగిలి ఊరేగితే చలానాలు ఎవరింటికి వస్తాయో చెప్పనక్కరలేదు. బండి నాశనమైనా, ఇక పనికిరాకుండా పోయినా పద్నాలుగు రోజుల్లో తెలియజేసి సీ-బుక్కు అప్పగించాలని చట్టంలో 55వ సెక్షను ఉంది. ఇది పాటించినవాళ్ళను మేం చూడలేదు.

ఇప్పుడున్న మార్గం 2021 సెప్టెంబరు నాటి నియమాలు వేసింది. రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రానికి కారు ఇస్తే, అప్పు ఉందా, దొంగ బండ్ల జాబితాలో ఉందా, బకాయిలున్నాయా అని వాళ్ళు ముందుగా చూస్తారు. అన్నీ సరిపడితే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. యాజమాన్యం మన చేతినుంచి జారే క్షణం అదే. నూనెలు తోడి, బ్యాటరీ విప్పి, కారును ముక్కలు చేశాక తుక్కు చేసినట్టు రెండో సర్టిఫికెట్. ఈ రెంటినీ ఒకటనుకుని మొదటిదాంతోనే ఇంటికెళ్ళి నిద్రపోయేవారున్నారు. రద్దు రికార్డులో పడిందో లేదో చూసుకున్నాకే నిద్ర.

‘ఆకు’. తాటాకు కాలం పోయినా కవి ఈ మాట వాడటం ఔచిత్యమే, ఎందుకంటే కొన్ని అప్పులు ఆ కాలంనాటివి లాగే ఉంటాయి. సీ-బుక్కు మీద ‘ఆంధ్రా బ్యాంకు’ అని ముద్ర ఉన్న కార్లు ఇంకా తిరుగుతున్నాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో 1923లో పెట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదూ అంతే, 2017లో పెద్ద స్టేట్ బ్యాంకులో లీనమైంది. అప్పు తీరింది, అప్పిచ్చినవాడూ తీరిపోయాడు, ముద్ర మాత్రం తీరలేదు. ఆకు ఇప్పుడు వారసబ్యాంకు నుంచి తేవాలి. అప్పు తీరిన రోజునే తెచ్చి, ముద్ర తీయించుకోని పాపం ఇన్నేళ్ళకు పండుతుంది.

‘చలనులు’ అనేది చలానాలకు రూపం. ఛందస్సు కోసం కవి దీర్ఘాలు తగ్గించాడు. తెలంగాణ పోలీసులు 2022లోనూ, మళ్ళీ 2023 చివరలోనూ పాత చలానాల మీద భారీ తగ్గింపు ఇచ్చారు. కవి ఆ కాలపువాడే అయి ఉంటాడని ఒక పండితుని నిర్ణయం. తగ్గింపు మళ్ళీ వస్తుందేమోనని కారును పెరట్లోనే ఉంచిన వాళ్ళ ప్రస్తావన పద్యంలో లేదు.

‘తునిగినట్టి సంఖ్య’. ఇక్కడే ఈ పద్యానికి ప్రాణం ఉంది. ఛాసిస్ మీద చెక్కిన పదిహేడు అక్షరాలు, మారుతి అయితే ఎంఏ3తో మొదలు. ఇందులో ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు వాడరు. ఒకటి, సున్నా అనుకుని పొరపడతారని వాటిని వెలివేశారు. బదిలీలప్పుడు దానిమీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయడం మనకు అలవాటైన తంతు. చివరి తంతులో రుద్దరు, కోస్తారు. తలుపులు, ఇంజను, సీట్లు అన్నీ ఎటో పోతాయి గానీ ఆ ముక్కను మాత్రం, తుక్కు సర్టిఫికెట్ ఇచ్చాక కూడా కేంద్రం ఆరు నెలలు భద్రంగా దాచాలి. కారు ఏదని అడిగేవాళ్ళకు చూపించడానికి మిగిలే సాక్ష్యం అదొక్కటే.

ఇంకో నంబరు సంగతి కూడా ఇక్కడే. ఏపీ 09 ప్లేటున్న కారు పుట్టిందీ పెరిగిందీ హైదరాబాదులో. 2014లో రాష్ట్రం విడిపోయినా ప్లేటు మారలేదు. కొత్త బండ్లు మొదట టీఎస్ అయ్యాయి, 2024లో టీజీ అయ్యాయి. ఇంటిపేరు ఆంధ్రప్రదేశ్‌ది, రికార్డు తెలంగాణది. ప్లేటు చూసి బెజవాడ బస్సెక్కేవారికి టిక్కెట్టు దండగ.

పాఠాంతరం

కొన్ని ప్రతుల్లో ‘కారుకు చావేది’ బదులు ‘కర్తకు చావేది’ అని ఉంది. యతి చెడలేదు, అర్థమూ చెడలేదు. సొంతదారు కాలం చేసిన ఇళ్ళల్లో ఇదే సరైన పాఠం. మనిషి పోయినా సీ-బుక్కులో ఉంటాడు. మున్సిపాలిటీ మరణ ధ్రువపత్రం, మీసేవలో పెట్టుకుని తహసీల్దారు నుంచి తెచ్చుకున్న కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల ఒప్పుదల సంతకాలు చేరాకే కారుకు దారి. అమెరికాలో ఉన్న అన్నయ్య సంతకం కోసం కారు ఇంకో దీపావళి చూస్తుంది.

ఫలశ్రుతి

ఇది చదివి ఆచరించినవాడికి కొత్త కారు మీద రిజిస్ట్రేషన్ రుసుం మాఫీ. లైఫ్ టాక్సులో తగ్గింపు సొంత వాహనానికి 25 శాతం వరకు ఇవ్వవచ్చని కేంద్రం చెప్పింది. ఎంత ఇవ్వాలన్నది రాష్ట్రాల చేతిలో ఉంది కనక ‘వరకు’ అన్న మాటను భక్తితో చదువుకోవాలి. ఈ ఫలం డిపాజిట్ సర్టిఫికెట్‌లో ఉంటుంది, దానికో గడువూ ఉంటుంది. మీకు కొత్త కారు అక్కరలేదా, ఇంకొకరికి అమ్ముకోవచ్చు. పుణ్యం అమ్ముకోవడం శాస్త్రసమ్మతమా అని శంకించేవారికి, ఎలక్ట్రానిక్ పద్ధతిలో అయితే సమ్మతమే. నియమాల్లోనే రాశారు. గడువు దాటిందా, అది కూడా పాత సామాన్లలోకే.