పైవరుస సాక్ష్యం

బి.కొత్తకోట పరిసరాల్లో తరచుగా తారసపడే రెండు రకాల మనుషులు ఈ సంభాషణలో పాల్గొంటున్నారు. ఒకడు మైకుభక్తుడు, అనగా విశ్వాసం ఎంత గట్టిగా వినిపిస్తే అంత గట్టిదని లెక్కించే క్రైస్తవ టమాటా రైతు. రెండోవాడు మదనపల్లె మండీదారు, అనగా రైతుల సరుకును వేలం వేయించి కమీషన్ పుచ్చుకునేవాడు, వెంకన్నకు దండం పెట్టనిదే తాళం తీయనివాడు.

మైకుభక్తుడు: వందనాలన్నా! ఈ ఆదివారం వీధికి నాలుగు వైపులా మైకులు కట్టి సాక్ష్యం, అంటే దేవుడు చేసిన మేలును పదిమంది ఎదుట చెప్పుకునే కూడిక, ఏర్పాటు చేశాం. అన్యులంతా వినితీరాలి, కాబట్టి మీరు తప్పక రావాలి.

మండీదారు: వినకుండా తప్పించుకునే దారెక్కడుంది బ్రదరూ? మా గుడి మైకుకూ అదే జబ్బు గనుక ఆ విషయంలో మిమ్మల్ని అనే మొహం మాకు లేదు. అయినా మీ సాక్ష్యం నిన్ననే మండీకి దిగింది: ప్రతి పెట్టె మీదా వాక్యం రాసి ఉంది, పైవరుసలో కాయలు నిగనిగలాడుతున్నాయి, దాని కింద మచ్చలూ పగుళ్లూ, అట్టడుగున నీరు కారుతున్న కుళ్లు.

మైకుభక్తుడు: అది వ్యాపారం, ఇది విశ్వాసం. రెంటినీ కలపడం దైవదూషణ!

మండీదారు: మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో కలిపారు మరి. 1912లో మదనపల్లెలో మొదలై 1915లో అక్కడికి చేరిన శానిటోరియాన్ని, అంటే క్షయరోగులను నెలల తరబడి ఉంచి విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండితో అప్పట్లో చికిత్స చేసే వైద్యశాలను, వేర్వేరు శాఖల మిషన్లు తమ పేచీలు పక్కనపెట్టి కలిసి పోషించాయి. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ నడిపించాడు. క్షయ పరీక్షలో రోగి కఫాన్ని గాజుపలక మీద పలుచగా పూసి, ఎర్రరంగు పోసి వేడిచేసి, ఆమ్లంతో కడిగి, మీద నీలం వేస్తే, ఆ నీలంలో ఎర్రగా మిగిలే సన్నని పుల్లలే క్షయక్రిములు. వాటిని వెతికేవాడు ప్రార్థనాపరుడే కావచ్చు గానీ, చూపు తప్పితే ప్రార్థన ఆ పలకను దిద్దదు. ఆ తర్వాత 1948లో దేశంలో క్షయను అడ్డుకునే బి.సి.జి. టీకా కార్యక్రమానికి మదనపల్లె తొలి అడుగైంది.

మైకుభక్తుడు: ఆ దొరలు మతం చెప్పలేదా? 1863లో మదనపల్లెకు వచ్చిన మిషనరీ వైద్యుడు జేకబ్ చాంబర్లేన్ మందుతోపాటు వాక్యమూ పంచాడు కదా!

మండీదారు: పంచాడు, దాచలేదు, అది నచ్చనివారూ ఉన్నారు. అన్ని మతాల మూలం ఒకటేనని నమ్మే దివ్యజ్ఞాన సమాజానికి చెందిన అనీబిసెంట్ 1915లో అదే ఊళ్లో కళాశాల పెట్టింది. వాక్యం ఒప్పుకోవడం, మానడం వినేవాడి ఇష్టం. మందు పనిచేసిందీ లేనిదీ మాత్రం ఏ మతంవాడైనా తేల్చగలడు. పొరుగువారి నడుమ నడవడి మంచిగా ఉండాలనీ, అడిగినవారికి సాత్వికంగా జవాబు చెప్పాలనీ పేతురు మొదటి పత్రికలో ఉందట. ఆ సంగతీ మీ మైకులోనే విన్నాం.

మైకుభక్తుడు: అయితే మమ్మల్ని ఏం చేయమంటారు?

మండీదారు: వేలానికి ముందు పెట్టె బోర్లించి అడుగు చూపండి. అంతకన్నా నమ్మదగిన సాక్ష్యం ఈ మండీకి అక్కర్లేదు.

మైకుభక్తుడు: అడుగు కూడా చూపాలా! అలాగైతే మైకు ఇంకా పెద్దది కొనక తప్పదు.