రెండు సీట్ల బతుకు

నా ఒంటి మీద తుప్పు వెతకకండి, దొరకదు. తలుపులు, బానెట్, డిక్కీ మూత, అన్నీ ఫైబర్‌గ్లాసే. ఉక్కు నగరంలో ఉక్కు చర్మం లేకుండా తిరిగిన కారుని నేను. విశాఖలో సముద్రపు గాలి కిటికీ చువ్వల్ని తింటుంది, డాబా మీది పైపుల్ని తింటుంది, సైకిల్ రిమ్ముల్ని తింటుంది. నా పైపొరను మాత్రం ఏమీ చేయలేకపోయింది. చూడటానికి వచ్చినవాళ్లు అక్కడే మురిసిపోయేవారు. ఎర్రరంగును చేత్తో తడిమి "ఇరవై ఏళ్ల బండిలా లేదే" అనేవారు. నా వయసు నా పొట్ట కింద ఉంటుంది. ఫైబర్ ఒంటిని మోసేది ఉక్కు ఛాసిస్. ఉప్పుగాలి పనంతా అక్కడ, ఎవరికీ కనబడని చోట జరుగుతుంది.

నేను శాన్ స్టార్మ్‌ని. బెంగళూరులో రైలింజన్లు తయారుచేసే శాన్ సంస్థవాళ్లు 1990ల చివర్లో శాన్ మోటార్స్ పేరుతో గోవాలో నన్ను తయారు చేయించారు. ఆకారం గీసింది ఫ్రాన్స్‌వాళ్లు. ఇంజన్ కూడా ఫ్రెంచిదే: రెనోవారి 1149 సీసీ పెట్రోల్ ఇంజన్, 60 గుర్రాల బలం. యూరప్‌లో ట్వింగో, క్లియో అనే చిన్న కార్లను నడిపింది ఇదే ఇంజన్. ముందు ఇంజన్, ముందు చక్రాలకే బలం, అయిదు గేర్లు, మడిచి వెనక్కి తోసే గుడ్డకప్పు, ఇద్దరికి చోటు. అంతే నేను.

కుర్రాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎంత పోద్ది?" అని. 60 గుర్రాలు ఈ రోజుల్లో చిన్న కుటుంబపు కారుకూ ఉంటున్నాయి. నాలాంటి కారు సుఖం వేగంలో లేదు, తేలికతనంలో ఉంది. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు చూడాలి నన్ను. రెండో గేర్‌లో మలుపు తిరిగి మూడోదానికి వచ్చేలోగా ఇంకో మలుపు. సీటు రోడ్డుకి జానెడు ఎత్తులోనే ఉన్నట్టుంటుంది. కప్పు తీస్తే కాఫీ తోటల చల్లదనం నెత్తి మీదే దిగుతుంది. గంటకు 40 కిలోమీటర్లు దాటనక్కర్లేదు, నడిపేవాళ్లకు ఒళ్లంతా మెలకువ వస్తుంది. పెద్ద కార్లు మలుపుని మరిపిస్తాయి. నేను ప్రతి మలుపునీ చేతికి తెలియజేస్తాను.

ఈ నమ్మకం నా ఒక్కదానిదే కాదు. 1989లో జపాన్‌లోని మాజ్డా కంపెనీ ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల కారుని ఇదే నమ్మకంతో తెచ్చింది. 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. అమెరికాలో దాన్ని మియాటా అంటారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేసుకునే మన పిల్లలు పాత మియాటా ఒకటి కొనుక్కుని శని, ఆదివారాలు కొండదారులు పట్టి పోతుంటారు. ఇక్కడివాళ్లకు ఆ దారి లేదు. ఆ కారు మన దేశంలో అమ్మలేదు. అక్కడి పాతదాన్ని తెచ్చుకుందామన్నా, తయారై మూడేళ్లు దాటిన వాడిన కారుని దిగుమతి కానివ్వరు, స్టీరింగ్ కుడివైపే ఉండాలి.

మన దగ్గరా ఆ అవకాశం ఒకప్పుడు గుమ్మం దాకా వచ్చింది. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ తయారయ్యేది. ఇటలీకి చెందిన మికెలోట్టి గీసిన కారు అది. ఇంగ్లండ్‌లో అదే హెరాల్డ్ ఛాసిస్‌ను పొట్టిచేసి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల కారు చేశారు. మద్రాసులో ఆ తమ్ముడు పుట్టలేదు. పుట్టి ఉంటే మన వీధుల్లో నాలాంటివి ఎన్నో ఉండేవి, నా విడిభాగాల కోసం ఇంత వెతుకులాటా ఉండేది కాదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

నన్ను మొదట కొన్నది ఓడ ఇంజనీరు ఒకాయన. బెంగళూరులో రిజిస్టరై, అక్కడి నుంచి ఎన్‌ఓసీ పట్టుకుని విశాఖ వచ్చాను. ఇక్కడ జీవితపన్ను కట్టి ఏపీ 31 నంబరు వేయించారు. లాసన్స్ బే కాలనీలో, సముద్రపు హోరు వినబడేంత దగ్గరలో మా ఇల్లు. ఆయన ఒడ్డున ఉన్న నెలల్లో భీమిలి రోడ్డు మీద నాకు పండగ. ఓడెక్కితే నెలల తరబడి గోనెపట్టా కింద ఉండేదాన్ని. కారుకి తిరగడం కంటే నిలబడటమే ఎక్కువ చేటు. ట్యాంకులో పెట్రోలు జిగురు కట్టేది. టైర్లు నిలబడ్డ చోటే అణిగిపోయేవి. ఛాసిస్ గొట్టాల్లో నీరు కారిపోవడానికి పెట్టిన రంధ్రాలు ఇసుకతో పూడుకుపోయేవి. లోపల చేరిన ఉప్పుతేమ బయటికి పోయే దారి లేక అక్కడే కూర్చునేది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. ఆ రోజు విశాఖలో నిలబడ్డ చెట్టు అరుదు. ఎదురింటి వేపకొమ్మ విరిగి నా బానెట్ మీద పడింది, కప్పు గుడ్డ చిరిగిపోయింది. ఫైబర్ లొత్తపడదు, పగులుతుంది. సన్నటి పగుళ్లు దెబ్బ తగిలిన చోటు చుట్టూ సాలెగూడులా పాకాయి. వాటి మీద పుట్టీ పూసి, రంగు కొట్టి, నన్ను అమ్మేశారు.

రెండో ఆయన వ్యాపారి. నా సైలెన్సర్ తీయించి వీధంతా మోగేది పెట్టించాడు, పెద్ద చక్రాలు తొడిగించాడు. కాగితాల మీద మాత్రం నా యజమాని మారలేదు. ఇంజనీరు గారి చేత ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని ఊరుకున్నాడు. ఆ ముచ్చట తీరాక నన్ను సబ్బవరంలో అనకాపల్లి-ఆనందపురం హైవే పక్కన ఒక షెడ్డుకి తోసేశాడు.

ఆ షెడ్డు ముందు రోజంతా లారీల హోరు. న్యాయ విశ్వవిద్యాలయం పిల్లలు వచ్చి నా పక్కన నిలబడి ఫొటోలు తీసుకునేవారు. వంగలి పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ కుర్రాడొకడు ఓసారి బానెట్ ఎత్తి పెట్రోలు గొట్టాల్ని వేళ్లతో వంచి చూశాడు. "ఇవి ఇథనాల్ లేని రోజుల రబ్బరువి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ముందు ఈ గొట్టాలు, సీళ్లు మార్చుకోవాలి" అన్నాడు. వాడు కొనలేదు. కానీ నన్ను చూసిన తొలి చూపు అదే. అంతకు ముందు వచ్చినవాళ్లంతా రంగునే చూశారు.

తరవాత తండ్రీకూతుళ్లు వచ్చారు. ఆయన స్టీల్‌ప్లాంట్‌లో గోదావరి బ్లాస్ట్‌ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరయ్యారు. ఆమె సబ్బవరంలోనే లా చదివి, అనకాపల్లి కోర్టులో ప్రాక్టీసు పెట్టింది. చదివే రోజుల్లో బస్సు కిటికీలోంచి నన్ను చూసేదట.

షెడ్డు మేస్త్రీ మంచివాడు. "బాబూ, పైన సూసి లాభం లేదు. ర్యాంపు మీదకి ఎక్కిస్తాను, కింద సూడండి" అన్నాడు.

"సిన్న సుత్తి ఉందేటి?" అడిగారు పెద్దాయన.

"ఉంది బాబూ, దేనికి?"

"ఇనప మాట ఇందామని."

నా పొట్ట కింద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా సుత్తితో సన్నగా కొడుతూ వచ్చారు. గట్టి ఉక్కు కంగుమంటుంది, తుప్పు తిన్న ఉక్కు మొద్దుగా పలుకుతుంది. ఎడమ వెనక చక్రం సస్పెన్షన్ బిగించే చోట నా గొంతు మారింది. అక్కడ స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే లోపలికి దిగిపోయింది. ఆయన చెయ్యి తీసేసి కూతురితో, "అమ్మా, మిగతాదంతా పైతుప్పే, బ్రష్ కొడితే పోద్ది. ఇది మాత్రం బరువు మోసే సోటు. కోసి కొత్త రేకు ఎయ్యందే రోడ్డెక్కకూడదు" అన్నారు. ఛాసిస్ ఎక్కడ తుప్పు పట్టిందన్నదే ముఖ్యం, ఎంత పట్టిందన్నది తరవాత. పాత స్పోర్ట్స్ కారు కొనేవాళ్లలో ఈ తేడా తెలిసినవాళ్లని నేను ఎక్కువమందిని చూడలేదు.

ఆ తరవాత కాగితాలు ఆమె చేతికి వెళ్లాయి. ఆర్సీలో పేరు ఇంకా ఓడ ఇంజనీరు గారిదే, గడువు ఎప్పుడో తీరిపోయింది. సొంత కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది. తరవాత బండి చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి.

"ఫారాల మీద సంతకాలున్నాయి కదమ్మా, ఇలాగే తీసుకెళ్లిపోండి, అందరూ సేసేదే" అన్నాడు బేరం కుదిర్చే బ్రోకరు.

ఆమె ఒప్పుకోలేదు. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఏమందో వివరించింది. ఒక కారు పలు చేతులు మారాక ప్రమాదం జరిగింది. ఆర్సీలో మాత్రం మొదటి ఆయన పేరే ఉంది. నష్టపరిహారం బాధ్యత ఆయనదేనని కోర్టు తేల్చింది. "ఆ ఇంజనీరు గారికి తన పేరు మీద ఇంకా ఈ కారుందని గుర్తుందో లేదో. రేపు నా చేతిలో ఎవరికైనా ఏదైనా జరిగితే కోర్టు మెట్లెక్కేది ఆయన. ఆయనకి చెప్పకుండా తాళం తీసుకోను" అంది.

ఆ మాట అన్న రోజు నుంచీ నేను ఆమె కారుని. డబ్బు తరవాత ఇచ్చారు.

ఇంజనీరు గారిని వెతికి పట్టుకున్నారు. జుట్టు తెల్లబడింది, ఓడలు మానేశారు. నన్ను చూసి కాసేపు స్టీరింగ్ ముందు కూర్చున్నారు. పొడిగింపుకి ఫారం 25 మీద ఆయనే సంతకం పెట్టారు. 2025 ఆగస్టులో రుసుం పెరిగింది, ఇరవై ఏళ్లు దాటిన కారుకి 10,000 రూపాయలు. దాని పైన ఆలస్యానికీ, హరితపన్నుకీ విడిగా. వీటన్నిటికీ, ఛాసిస్ వెల్డింగుకీ కలిపి లెక్క కాగితం మీద వేసి అమ్మేవాళ్ల ముందు పెట్టిందామె. అడిగిన ధరలో మూడో వంతు తగ్గింది. అది న్యాయమైన ధర. పాత కారు విలువ దాన్ని రోడ్డు మీద నిలబెట్టడానికి అయ్యే ఖర్చును తీసేశాక మిగిలేదే.

తనిఖీకి వెళ్లే ముందే మోగే సైలెన్సర్ ఊడదీయించి మామూలుది పెట్టించారు, చక్రాలు పాత కొలతకి మార్చారు. టైర్ల పక్క మీది నాలుగంకెలు చదివారు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. గాళ్లు బాగానే ఉన్నా రబ్బరు వయసు మీరిపోయింది, నాలుగూ మార్చేశారు. టైమింగ్ బెల్టు, క్లచ్ ప్లేటు, పెట్రోలు గొట్టాలు కొత్తవయ్యాయి. ఇన్‌స్పెక్టర్ ముందు మేస్త్రీ ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకె పోకుండా అచ్చు వచ్చింది. పొడిగింపు అయ్యాక ఫారం 29, ఫారం 30, వాటి వెంట పద్నాలుగు రోజుల్లోపే బీమా బదిలీ. అయిదేళ్లు దాటిన కారుకి బీమా విలువ ఇంతని పట్టిక ఉండదు, రెండు పక్షాలూ ఒప్పుకున్నదే విలువ. అందుకని బాగుచేయించిన బిల్లులు, ఫొటోలు కలిపి ఇచ్చిందామె.

మిగిలింది నా ఒళ్లు. విశాఖ టింకరింగ్ షెడ్లలో రేకు పని చేసేవాళ్లు ఎందరో ఉన్నారు, నా పని వాళ్లది కాదు. పరిష్కారం పెద్దాయనకే తట్టింది. పూడిమడక నుంచి ఫైబర్ పడవలు బాగుచేసే మనిషిని పిలిపించారు. అతను పుట్టీ అంతా గీకి పారేశాడు. పగులు చుట్టూ పల్లంగా అరగదీసి, ఫైబర్ మ్యాట్ ముక్కలు పొరమీద పొర వేసి, రెజిన్‌లో హార్డెనర్ కలిపి రోలర్‌తో గాలి బుడగలు తీస్తూ పూశాడు. తేమ రోజుల్లో రెజిన్ సరిగా గట్టిపడదని వాన తెరిపి ఇచ్చేదాకా ఆగాడు. "పడవ నీటిలో కెరటం దెబ్బ తింటాది, ఇది గోతుల దెబ్బ తింటాది. పని ఒకటే" అన్నాడు. ఓడరేవు ఊళ్లో నా వైద్యుడు కడలి పక్కనే ఉంటే, ఇన్నేళ్లూ ఎవరికీ ఆ ఆలోచన రాలేదు.

ఇప్పుడు ఆదివారం తెల్లవారుజామున కొత్తవలస మీదుగా అరకు వైపు వెళ్తాం. నడిపేది ఆమె, పక్క సీటు పెద్దాయనది. మూడో మనిషికి చోటు లేదు, వాళ్లకు అక్కర్లేదు కూడా. కోర్టు గొడవలు, ఫర్నేస్ కబుర్లు, పోయిన ఇల్లాలి మాటలు, అన్నీ నేను వింటాను.

నాకు ఇంకా ఎడమ తలుపు అద్దం దింపే యంత్రం లేదు, కప్పు అంచు రబ్బరు లేదు. అవి ఏ దుకాణంలోనూ దొరకవు. మాలాంటివి మిగిలినవే కొన్ని, మాకు విడిభాగాలంటే మాలో నడవలేనివాటి ఒంటి మీదివే. మీ వీధిలోనో మీకు తెలిసిన షెడ్డులోనో శాన్ స్టార్మ్ ఒకటి మూలపడి ఉంటే దాన్ని కిలోల లెక్కన తుక్కుకి వేయనివ్వకండి. నడిచేదైతే ఛాసిస్ చూసి, ఆర్సీ చూసి కొనుక్కోండి. నడవనిదైతే దాని తలుపులు, అద్దాలు, రబ్బర్లు విప్పి జాగ్రత్త చేయమని ఆ షెడ్డువాళ్లకు చెప్పండి.