చక్కెరకు ఢిల్లీ పంచాంగం

ఉగాదినాడు చదివే పంచాంగంలో ఒక సుగుణం ఉంది. ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అన్నది ఏడాది మొదట్లోనే చెప్పేస్తారు. ఫలించినా ఫలించకపోయినా నడుమ దిద్దరు. ఢిల్లీ మన చక్కెరకు రాసే పంచాంగానికి ఆ పట్టింపు లేదు. చక్కెర సంవత్సరం అక్టోబరులో మొదలవుతుంది. ఉపగ్రహ చిత్రాలు చూసి మిల్లుల సంఘం అంతకుముందే ఓ అంకె చెబుతుంది. వానలు పడ్డాక ఇంకో అంకె, గానుగ మొదలయ్యాక మరో అంకె. వీటిలో ఏది ఎక్కువ భయపెడితే దాన్ని పట్టుకుని ప్రభుత్వం ఎగుమతుల తలుపు వేస్తుంది, భయం తీరాక తెరుస్తుంది. అంచనా తప్పడం నేరమేమీ కాదు, మబ్బును నమ్ముకున్న లెక్క తప్పకపోతేనే ఆశ్చర్యం. తప్పుతుందని తెలిసిన లెక్క మీద ఏటా ఓ కొత్త ఉత్తర్వు నిలబెట్టడం దగ్గరే నా పేచీ.

ఈ మధ్య కథే చూడండి. 2021-22లో దాదాపు 359 లక్షల టన్నుల చక్కెర చేసి, సుమారు 110 లక్షల టన్నులు బయటికి అమ్మాం. ఆ ఏడు ఉత్పత్తిలో బ్రెజిల్‌ను కూడా వెనక్కి నెట్టాం. ఇంత సవ్యంగా సాగుతోందంటే ఎక్కడో ఏదో తేడా ఉందని ఢిల్లీకి అనుమానం వచ్చినట్టుంది, 2022 జూన్ 1 నుంచి ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేశారు. మరుసటి ఏడు 60 లక్షల టన్నుల చిల్లరతో సరిపెట్టారు. 2023 ఆగస్టు వందేళ్లకు పైగా ఎన్నడూ లేనంత పొడిగా గడిచేసరికి 2023-24కు అసలు కోటాయే ఇవ్వలేదు. సరిగ్గా ఆ నవంబరులోనే అంతర్జాతీయ మార్కెట్లో ముడి చక్కెర పౌను 28 సెంట్ల దగ్గరికి, పన్నెండేళ్ల గరిష్ఠానికి చేరింది. తీరా లెక్క తేలాక ఆ ఏడు ఉత్పత్తి సుమారు 320 లక్షల టన్నులు. దేశానికి కావలసింది 290 లక్షలకు అటూఇటూ. కరవు రాలేదు, బేరం మాత్రం పోయింది. 2025 జనవరిలో ధైర్యం తెచ్చుకుని 10 లక్షల టన్నులు పంపుకోమన్నారు. ఆ ఏడు ఉత్పత్తి 261 లక్షల టన్నుల దగ్గర ఆగిపోయింది. చక్కెర మిగిలిన ఏడు మూశాం, తగ్గిన ఏడు తెరిచాం. 2025-26కు మరో 15 లక్షల టన్నులకు నవంబరులో అనుమతి వచ్చేసరికి బయట ధర 15 సెంట్ల చుట్టూ ఉంది, అంటే ఇక్కడ అమ్ముకుంటేనే నాలుగు రూపాయలు ఎక్కువ. అమ్మే వీలు లేనప్పుడు ధర ఉంది, ధర లేనప్పుడు అనుమతి ఉంది.

ఇది ఒక్క ప్రభుత్వం ప్రతిభ అనుకుంటే మిగతావాళ్లకు అన్యాయం చేసినట్టే. 2006 జులైలో ఎగుమతులు నిషేధించారు. ఆ వెనకే 283 లక్షల టన్నులతో రికార్డు పంట వచ్చి గోదాములు నిండాయి, రైతు బకాయిలు పేరుకున్నాయి, రైతులు చెరకు వదిలి వేరే పంటల దారి పట్టారు. 2008-09కి ఉత్పత్తి 145 లక్షల టన్నులకు కుంగింది, 2010 జనవరిలో కిలో చక్కెర 45 రూపాయలు దాటింది. 2016లో ఎగుమతి మీద 20 శాతం సుంకం వేశారు, 2017 ఏప్రిల్లో 5 లక్షల టన్నుల ముడి చక్కెరను సుంకం లేకుండా రప్పించారు. మరుసటి సీజన్లో 325 లక్షల టన్నులు వచ్చిపడ్డాయి. 2018 వేసవికి బకాయిలు 20 వేల కోట్లు దాటాయి. అప్పుడు సుంకం తీసేసి, ఎగుమతి చేసితీరాలని మిల్లులకు లక్ష్యాలు పెట్టి, పైనుంచి డబ్బులిచ్చారు. దాని మీద బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కి 2021 డిసెంబరులో గెలిచాయి. మనం అప్పీలు చేశాం, సభ్యులే లేక మూతబడ్డ అప్పీలు బెంచీ ముందు. మన చక్కెర విధానంలో నాకు కనిపించిన ఏకైక దూరదృష్టి అదే.

ఈ తెరిచి మూసే ఆటకు కట్నం చదివించేది ఎవరో మిల్లు కాటా దగ్గర నిలబడితే తెలుస్తుంది. కోసిన చెరకు ట్రాక్టర్ ట్రాలీలో ఎండకు ఎండుతూ వరసలో ఉంటుంది. గంట గడిచేకొద్దీ తూకమూ తగ్గుతుంది, చక్కెర రికవరీ కూడా. రైతు చేతిలో పర్మిట్ చీటీ ఉంటుంది. తోలిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, ఇవ్వకపోతే 15 శాతం వడ్డీ కట్టాలి అని 1966 నాటి చెరకు కంట్రోల్ ఆర్డరు చెబుతోంది. ఆర్డరు చక్కగానే ఉంది, డబ్బే ఉండదు. మిల్లు చక్కెరకు కనీస అమ్మకం ధర 2019 ఫిబ్రవరిలో కిలోకు 31 రూపాయలు. అప్పుడు క్వింటాలు చెరకుకు కేంద్రం కట్టిన ధర 275. చెరకు ధర 355 అని ప్రకటించిన రోజుకీ ఆ 31 కదల్లేదు. పోనీ ఇథనాల్‌తో గట్టెక్కుదామని అప్పులు తెచ్చి డిస్టిలరీలు కడితే, 2023 డిసెంబరు 7న చెరకు రసంతో ఇథనాల్ చేయొద్దన్నారు, 15న కొంత చేసుకోమన్నారు. వారం రోజుల పంచాంగం! తెలుగు రాష్ట్రాలకు మాత్రం ఈ తలనొప్పి బాగా తగ్గింది. బోధన్‌లో 1937 నాటి నిజాం షుగర్స్‌కు 2015 డిసెంబరులో తాళం పడింది. చిత్తూరు, గాజులమండ్యం సహకార మిల్లులు కూడా మూతపడ్డాయి. వాటికి ఇంటి జబ్బులూ ఉన్నాయి, నేరమంతా ఢిల్లీదే అనను.

చక్కెర పేదవాడి వస్తువు, ధర పెరక్కుండా చూడొద్దా అంటారు. చూడాల్సిందే. కానీ దేశంలో చక్కెర ఎక్కువగా కొనేది ఇళ్లు కాదు. మిఠాయి, బిస్కెట్, కూల్ డ్రింక్, ఐస్‌క్రీం వ్యాపారాలు. పేదవాడి పేరు చెప్పి చవగ్గా తాగుతున్నది సీసాలోని సోడా. నిరుపేదల అంత్యోదయ కార్డుకు నెలకో కిలో చక్కెర రాయితీ మీద ఇచ్చే పథకం ఎలాగూ ఉంది. మనసుంటే దాన్నే రెండు కిలోలు చేయొచ్చు.

ఇంకో అభ్యంతరానికి బలం ఎక్కువ. కిలో చక్కెర వెనక 1,500 నుంచి 2,000 లీటర్ల నీళ్లున్నాయి, దాన్ని ఓడెక్కించడమంటే మరాఠ్వాడా బోరుబావులను ఎగుమతి చేయడమే కదా? నిజమే. అయితే ఆ మాట నాటేముందు చెప్పాలి, నీటికి ధర కట్టి చెప్పాలి. చెరకు నీళ్లు తాగేశాక తలుపు మూస్తే బోరులోకి చుక్క కూడా తిరిగి రాదు.

నేనడిగేది స్వేచ్ఛా విపణి కూడా కాదు. సీజన్ ముగిసేనాటికి గోదాముల్లో ఇంత నిల్వ ఉంటే సుంకం ఇంత, అంతకు తగ్గితే ఇంత అని ఒక పట్టిక రాసి, అయిదేళ్లపాటు దాని మీద చెయ్యి వేయకుండా ఉంటే చాలు. దానివల్ల మంత్రిత్వ శాఖకు పని తగ్గి, ఉత్తర్వు కోసం ఢిల్లీలో తిరిగేవాళ్లకు ఉపాధి పోతుందన్నది నేను కాదనలేని నష్టం. మహారాష్ట్రలో జులైలో నాటే ఆడసాలి తోట గానుగకొచ్చేది 16 నుంచి 18 నెలలకు. ఈ లోపు రెండు సీజన్ల అంచనాలు పుట్టి, సవరణలకు లోనై, చచ్చిపోతాయి. ఆ రైతు వీటిలో దేన్ని చూసుకుని ముచ్చె నాటాలో వ్యవసాయ శాఖ ఇంతవరకు ఏ కరపత్రంలోనూ రాయలేదు.