కితాబు

కొండ దిగేటప్పుడు మా జీపులో ముందు సీటు ఆయనది. సొంత కారు మొరాయించిందట. సిఫారసు లెటరు, బ్రేక్ దర్శనం, గంటలో బయటపడ్డానని ఎక్కగానే చెప్పేశాడు. వెనక ఉన్న మేమంతా రాత్రి వైకుంఠం కాంప్లెక్సులో కునికిపాట్లు పడి, పొద్దున గోవిందా అన్నవాళ్లం.

"రాత్రంతా కూర్చున్నారా? ఒక్క క్షణం చూడ్డానికి? సిల్లీ పీపుల్!" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

నా పక్కన, గుండుకు రాసుకున్న గంధం ఇంకా ఆరని పెద్దాయన నవ్వాడు. ఇంగ్లీషు లెక్చరరుగా రిటైరయ్యాడు. ఊరు చిత్తూరు కట్టమంచి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలరైన రామలింగారెడ్డి గారిది ఆ ఊరే. అలాంటి ఊరివాళ్ల ముందు ఇంగ్లీషులో తిట్టేటప్పుడు కాస్త చూసుకోవాలి.

"మంచి మాటే అన్నారు సార్. పాత ఇంగ్లీషులో అది సేలిగ్. దేవుడి చల్లని చూపు పడినోడని. జర్మనీలో ఇప్పటికీ సేలిగ్ అంటే ధన్యుడే. ఇంగ్లీషోళ్ల దగ్గరే దానికి గ్రహచారం పట్టింది. ధన్యుడు అమాయకుడైనాడు, అమాయకుణ్ణి చూసి అయ్యోపాపమన్నారు, 16వ శతాబ్దం ముగిసేసరికి తెలివితక్కువోణ్ణి చేసి కూర్చోబెట్టినారు. పాత లెక్కన మీరు మమ్మల్ని దీవించినట్టే."

"అట్లనా సామీ!" అన్నాడు డ్రైవరు, మలుపులో హారన్ కొడుతూ.

ముందు సీటాయనకు హుషారొచ్చింది. ఈసారి వెనక్కి తిరిగాడు. "మరి లెటరు మీద వెళ్లే మాలాంటివాళ్లని ఏమనాలి మాస్టారూ?"

"మీరా సార్? మీరు నైస్ పీపుల్."

ఆయన ముఖం వెలిగిపోయింది. అలిపిరిలో దిగుతూ పెద్దాయన చేతిలో లడ్డూ పెట్టి, భుజం మీద చెయ్యేసి సెల్ఫీ కూడా తీసుకున్నాడు.

జీపు కదిలాక నేను ఉండబట్టలేకపోయాను. "అన్ని మాటలన్నాయనకు అంత మర్యాద ఎందుకు సార్?"

"మర్యాదేముంది నాయినా, ఆయనకూ పాత లెక్కే చెప్పినా." లడ్డూ విరిచి నాకో ముక్క ఇచ్చాడు. "లాటిన్‌లో నెస్కియస్. తెలుసుకోవడమనే వేరుకు ముందు 'లేదు' తగిలించినారు. ఆ వేరులోంచే సైన్సూ పుట్టింది, అది వేరే సంగతి. 14వ శతాబ్దంలో ఛాసర్ రాసేనాటికి కూడా నైస్ అంటే, ఏమీ తెలీని ఎర్రిబాగులోడు."