పోటీని కొనేస్తాం, ధర తగ్గిస్తాం

అమెరికాలో క్రోగర్, ఆల్బర్ట్‌సన్స్ అనే రెండు పెద్ద కిరాణా కంపెనీలకు 2022 అక్టోబరులో జనం మీద జాలి పుట్టింది. పాపం, గుడ్లూ పాలూ కొనలేకపోతున్నారు, మనం ఒకటైపోయి ధరలు తగ్గిద్దాం అనుకున్నాయి. ఆ జాలి ఖరీదు 2,460 కోట్ల డాలర్లు. ఎదురు కొట్టుకు భయపడి ధర తగ్గించేవాడు ఆ కొట్టునే కొనేశాక ఎవరికి భయపడతాడని అడగకూడదు, దాత నొచ్చుకుంటాడు. పోటీ ఉండగానే ఆ దానగుణం ఎంతటిదో 2024 ఆగస్టులో కోర్టులో తేలింది. క్రోగర్‌లో ధరలు చూసే అధికారి ఈ-మెయిల్ ప్రకారం, పాలు, గుడ్లకు తమ ఖర్చు పెరిగినదానికన్నా అమ్మే ధర బాగా ఎక్కువ పెరిగింది. అంటే ఆ పై పెంపులో కోడి తప్పు లేదు, ఆవు తప్పూ లేదు. సియాటెల్ వైపు మనవాళ్లకు సేఫ్‌వేలో పాలు ప్రియమైతే క్యూఎఫ్‌సీకి నడిచే వీలుంది. మొదటిది ఆల్బర్ట్‌సన్స్‌ది, రెండోది క్రోగర్‌ది. బేరం కుదిరుంటే ఆ నడక ఒంటికి మంచిదయ్యేది, అంతే.

కిరాణాలో మిగిలేది డాలరుకు ఒకటి రెండు సెంట్లేనంటారు. కావచ్చు. కానీ ఈ రంగంలో ఖర్చుల మీద రాబడి 2021లో 6 శాతానికి పైగా, 2023 మొదటి తొమ్మిది నెలల్లో 7 శాతం ఎక్కువని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ లెక్క తేల్చింది. అంతకుముందు గరిష్ఠం 2015 నాటి 5.6 శాతమే. వాల్‌మార్ట్‌కు ఎదురు నిలవాలంటే పెరగక తప్పదన్న మాటలో కొంత పస ఉంది, ఆ కొండ నిజంగానే పెద్దది. అయితే కొండను ఢీకొనడానికి పక్కింటి గోడ కూల్చడమెందుకు? పోటీ పోదు, 579 దుకాణాలు సీ అండ్ ఎస్ అనే టోకు వ్యాపారికి ఇచ్చేస్తాం అన్నారు. ఈ వైద్యం పాతదే. 2015లో సేఫ్‌వేను మింగేటప్పుడు ఆల్బర్ట్‌సన్స్ 146 దుకాణాలను, అప్పటికి 18 మాత్రమే నడుపుతున్న హాగెన్ నెత్తిన పెట్టింది. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదమన్నట్టు. సెప్టెంబరుకల్లా హాగెన్ దివాలా పిటిషన్ వేసింది. ఆ దుకాణాల్లో కొన్నిటిని తిరిగి కొనుక్కున్నది ఎవరనుకున్నారు? ఆల్బర్ట్‌సన్సే.

2024 డిసెంబరు 10న ఒరెగాన్‌లో ఫెడరల్ కోర్టు, వాషింగ్టన్‌లో రాష్ట్ర కోర్టు ఈ బేరాన్ని ఆపేశాయి. రెండేళ్లుగా కలిస్తేనే జనానికి మేలని చెప్పిన జంటలో ఆల్బర్ట్‌సన్స్ మర్నాడే ఒప్పందం రద్దు చేసి, క్రోగర్ మీద దావా వేసింది. అడిగినవాటిలో బేరం చెడినందుకు ఇవ్వాల్సిన 60 కోట్ల డాలర్లూ ఉన్నాయి.